బాణసంచా పేలుడు స్థలంలో అడుగుపెట్టే ముందు

2018 జులైలో వరంగల్ కోటిలింగాల దగ్గర జరిగిన బాణసంచా పేలుడు లాంటి ఘటనా స్థలానికి వెళ్లే క్లూస్ టీం (ఆధారాలు సేకరించే పోలీసు బృందం) వాళ్లు ఇవి చూసుకోండి.

మంట ఆరినంత మాత్రాన బాణసంచా మందు చల్లారినట్టు కాదు. తడిసిన అల్యూమినియం పొడి తనంతట తానే వేడెక్కగలదు. పేలుడు పదార్థాల నిపుణులు సరేననేదాకా లోపలికి పోవద్దు. నూలు బట్టలే వేసుకోండి, సెల్‌ఫోన్ బయటే పెట్టండి, ఇనుప పనిముట్లు వాడొద్దు.

మృతదేహాల దగ్గరే అసలు ఓపిక కావాలి. కదిలించకముందే ఫొటో తీయండి. దొరికిన ప్రతి భాగానికీ వేరే నంబరు, వేరే సంచి. పక్కపక్కన దొరికాయని ఒకరివే అనుకోవద్దు. డీఎన్ఏకు తీసిన కండరాన్ని ఫార్మాలిన్‌లో (శరీర భాగాలు కుళ్లకుండా వాడే రసాయనం) వేయొద్దు, పరీక్ష చెడుతుంది.

చనిపోయినవాళ్లెవరో తేల్చడానికి హాజరు పట్టీ ఒక్కటే నమ్మొద్దు. ఆ పూట కూలికొచ్చినవాళ్ల పేర్లు అందులో ఉండకపోవచ్చు, తోటి కూలీలను అడగండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి మార్చురీ దగ్గర ఎదురుచూసే తల్లిదండ్రుల, పిల్లల రక్త నమూనాలు డీఎన్ఏ పోల్చడానికి తీసుకునేటప్పుడు నెమ్మదిగా, కూర్చోబెట్టి మాట్లాడండి.