ఆండ్రాయిడా, ఐఫోనా: కొనే ముందు చూసుకోవాల్సినవి, మారేటప్పుడు చేయాల్సినవి

ఆండ్రాయిడ్ మేలా, ఐఓఎస్ (ఐఫోన్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్) మేలా అన్న వాదన ఎప్పటికీ తెగదు. దుకాణంలో పది నిమిషాలు చేతిలో పట్టుకుని చూస్తే రెండూ బాగానే ఉంటాయి. అసలు తేడా ఫోన్ పాతబడ్డాక ఒకసారి, ఫోన్ మార్చేటప్పుడు ఇంకోసారి బయటపడుతుంది. అందుకే లెక్క చివరి నుంచి మొదలుపెట్టండి: ఈ ఫోన్ ఏ ఏడాది వరకు పనికొస్తుంది? ఆ తర్వాత ఇందులో ఉన్నవన్నీ ఎలా బయటికి తెచ్చుకోవాలి?

అప్‌డేట్ల గడువు లెక్కేసే పద్ధతి

ఫోన్ పెట్టె మీద "7 ఏళ్ల అప్‌డేట్లు" అని ఉంటే ఆ ఏడేళ్లు మీరు కొన్న రోజు నుంచి లెక్కకు రావు. ఆ మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి మొదలవుతాయి. గూగుల్ పిక్సెల్ 8 వచ్చింది 2023 అక్టోబర్లో, ఏడేళ్లు కలిపితే 2030 అక్టోబర్. అదే ఫోన్ 2027 చివర్లో తక్కువకు దొరికిందని కొంటే చేతికి మిగిలేది మూడేళ్లే. శాంసంగ్ గెలాక్సీ ఎస్24 వచ్చింది 2024 జనవరిలో, దానికీ ఏడేళ్ల మాట ఇచ్చారు. ఖరీదైన ఫోన్‌కే ఎక్కువ కాలం అప్‌డేట్లు వస్తాయని కూడా అనుకోకండి. శాంసంగ్ ఏ16 5జీ దిగువ శ్రేణి మోడలే, అయినా ఆరేళ్లు ప్రకటించారు. కాబట్టి బ్రాండ్ పేరు పక్కనపెట్టి, మీరు కొనబోయే మోడల్ పేరుతోనే కంపెనీ సైట్లో గడువు వెతకండి. అక్కడ రెండు అంకెలు ఉండొచ్చు. ఒకటి కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్లు ఎన్ని వస్తాయన్నది, రెండోది సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయన్నది. మీకు ముఖ్యం రెండోది. అవి నెలనెలా వస్తాయా, మూడు నెలలకోసారా అన్నదీ అక్కడే చూసుకోండి.

ఆపిల్ ఇంత బాహాటంగా ఏళ్లు ప్రకటించదు. గతంలో ఎలా నడిచిందో చూసి అంచనా వేసుకోవాలి. 2015లో వచ్చిన ఐఫోన్ 6ఎస్‌కు 2021 నాటి ఐఓఎస్ 15 వరకు అందింది. 2018లో వచ్చిన ఐఫోన్ ఎక్స్ఎస్‌కు 2024 నాటి ఐఓఎస్ 18 వరకు అందింది. 2025లో వచ్చిన తర్వాతి వెర్షన్‌కు ఐఓఎస్ 26 అని పేరు పెట్టారు కాబట్టి మధ్యలో 19, 20 ఏమయ్యాయని వెతక్కండి, అవి లేవు. మొత్తం మీద కొత్త మోడల్ కొంటే ఆరేడేళ్ల లెక్క వేసుకోవచ్చు.

గడువు అయిపోతే ఫోన్ ఆగిపోదు, అందుకే చాలామంది దీన్ని పట్టించుకోరు. ముందుగా ఆగేవి యాప్‌లు. 2014 నాటి ఐఫోన్ 6 ఐఓఎస్ 12 దగ్గర నిలిచిపోయింది. 2025లో వాట్సాప్ కనీసం ఐఓఎస్ 15.1 ఉండాలని షరతు పెట్టేసరికి ఆ ఫోన్లలో వాట్సాప్ మూగబోయింది. ఫోన్ బాగానే ఉంది, బ్యాటరీ మార్చుకుంటే ఇంకా నడుస్తుంది, కానీ పనికిరాదు. బ్యాంకు యాప్‌లదీ ఇదే దారి.

అదే మోడల్ వాడుతున్నవాళ్లు తెలిసినవాళ్లలో ఉంటే వాళ్ల ఫోన్లో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, ఆండ్రాయిడ్ వెర్షన్ వరుసగా తెరిచి సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. ముందుగా పెండింగ్ అప్‌డేట్లు లేవని నిర్ధారించుకోండి. నెలనెలా ఇస్తామన్న మోడల్లో ఆ తేదీ నాలుగైదు నెలల వెనక ఉంటే కంపెనీ మాట మీద నిలబడటం లేదని అర్థం. ప్రకటన కన్నా ఈ తేదీని నమ్మండి.

ఇప్పటికే దేనికి ముడిపడి ఉన్నారు?

ఒక కాగితం తీసుకుని ఇవి రాయండి: వాచీ, ఇయర్‌బడ్స్, డబ్బు పెట్టి కొన్న యాప్‌లు, నెలవారీ చందాలు, ఫొటోలు ఎక్కడ దాస్తున్నారు, ఆఫీసు తప్పనిసరి చేసిన యాప్‌లు. ఒక్కోదాని పక్కన "అటు వెళ్తే పనిచేస్తుందా?" అని రాసుకోండి.

ఆపిల్ వాచ్‌కు ఐఫోన్ ఉండి తీరాలి, ఆండ్రాయిడ్‌తో జతకట్టదు. గెలాక్సీ వాచ్ 4, ఆ తర్వాత వచ్చినవి, పిక్సెల్ వాచ్ ఐఫోన్‌తో పనిచేయవు. అంటే ఫోన్ మారితే వాచీ ఖర్చు కూడా కలపాలి. ఎయిర్‌పాడ్స్ ఆండ్రాయిడ్‌లో మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలా మోగుతాయి, కానీ ఒక పరికరం నుంచి ఇంకోదానికి తమంతట తాము మారడం లాంటివి పోతాయి. వస్తువులు ఎక్కడున్నాయో చూపించే ఆపిల్ బిళ్ల ఎయిర్‌ట్యాగ్‌ను ఆండ్రాయిడ్‌తో సెటప్ చేయలేరు. ఒకచోట కొన్న యాప్ రెండోచోట మళ్లీ కొనాల్సిందే. చందాలు మాత్రం చిత్రమైనవి. యాప్ స్టోర్ ద్వారా కట్టిన చందా ఫోన్ మార్చినా ఆగదు. పాత ఫోన్ చేతిలో ఉండగానే రద్దు చేయకపోతే నెలనెలా డబ్బు పోతూనే ఉంటుంది.

ఏది ఎవరికి

సెట్టింగుల జోలికి పోనివాళ్లకు, ఏ లింకు పడితే ఆ లింకు నొక్కేవాళ్లకు ఐఫోన్ మేలు. బయటి నుంచి యాప్ ఫైల్ దించుకుని ఎక్కించడం అక్కడ దాదాపు కుదరదు. యూరోపియన్ యూనియన్లో మాత్రం 2024 మార్చిలో వచ్చిన ఐఓఎస్ 17.4 నుంచి వేరే యాప్ దుకాణాలను అనుమతించారు. ఆండ్రాయిడ్‌లో అలాంటి యాప్ ఫైల్ (ఏపీకే) ఎక్కించవచ్చు. ఈ స్వేచ్ఛే తెలిసినవాళ్లకు వరం, మోసగాళ్లకూ అదే తలుపు.

ఫైళ్లతో పని ఎక్కువగా ఉన్నవాళ్లకు ఆండ్రాయిడ్ సుఖం. కంప్యూటర్‌కు కేబుల్ పెడితే ఫోల్డర్లన్నీ కనిపిస్తాయి. ఐఫోన్‌ను విండోస్ కంప్యూటర్‌కు పెడితే ఫొటోలు, వీడియోల ఫోల్డర్ వరకే తెరుచుకుంటుంది. ఐఫోన్లో మెమరీ కార్డు పెట్టే వీలు లేదు కాబట్టి స్టోరేజీ కొనేటప్పుడే సరిపడా తీసుకోవాలి. ఆండ్రాయిడ్‌లోనూ ఖరీదైన మోడళ్లలో కార్డు స్లాట్ ఉండటం అరుదైపోయింది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో ప్రకటనలు ఆపే ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాములు) వాడాలంటే ఆండ్రాయిడే. ఐఫోన్లో బ్రౌజర్ పేరు ఏదైనా, యూరోపియన్ యూనియన్ లాంటి కొద్ది చోట్ల తప్ప, లోపల వెబ్‌పేజీలను చూపించేది ఆపిల్ వెబ్‌కిట్ ఇంజనే.

ఆండ్రాయిడ్‌లో తరచూ వచ్చే తలనొప్పి ఒకటుంది. బ్యాటరీ ఆదా కోసం కొన్ని కంపెనీల ఫోన్లు వెనకాల నడిచే యాప్‌లను నిర్దాక్షిణ్యంగా ఆపేస్తాయి. మెసేజీలు గంట ఆలస్యంగా వస్తాయి, మందుల అలారం మోగదు. సెట్టింగ్స్‌లో యాప్స్, ఆ యాప్ పేరు, బ్యాటరీ తెరిచి "అన్‌రిస్ట్రిక్టెడ్" ఎంచుకోండి. కొన్ని ఫోన్లలో దీనికి తోడు "ఆటోస్టార్ట్" కూడా ఆన్ చేయాలి. ఐఫోన్ బాధ ఇంకో రకం. వెనకాల నడవడానికి యాప్‌లకు చాలా తక్కువ సమయం ఇస్తుంది కాబట్టి, పెద్ద వీడియో అప్‌లోడ్ అవుతుండగా యాప్ మూస్తే మధ్యలో ఆగిపోవచ్చు. తెరిచి ఉంచాల్సిందే.

తెలుగు చదవడం, రాయడం ఇప్పుడు రెండింటిలోనూ ఇబ్బంది లేదు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞ"కు సంబంధించిన ఒక అక్షర కూర్పు తెరమీద పడితే చాలు ఐఫోన్లో యాప్‌లు కూలిపోయేవి. ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేశారు. కీబోర్డు, తెలుగులో చెబితే రాసే సదుపాయం మాత్రం మీరే దుకాణంలో ఒక వాక్యం రాసి, చెప్పి చూసుకోండి.

ఈ రెండూ వద్దనుకుంటే

ఫోన్‌ను నడిపించే వేరే సాఫ్ట్‌వేర్లూ (ఓఎస్‌లు) ఉన్నాయి. లీనేజ్ ఓఎస్, గ్రాఫీన్ ఓఎస్ లాంటివి ఆండ్రాయిడ్ మూలం నుంచి పుట్టినవే. గ్రాఫీన్ గోప్యతకు పేరుపడింది, ఇన్నాళ్లూ పిక్సెల్ ఫోన్ల మీదే నడుస్తూ వచ్చింది. లీనేజ్‌తో కంపెనీ వదిలేసిన పాత ఫోన్‌కు ఇంకొన్నేళ్లు ఆయుష్షు పోయవచ్చు. చిక్కల్లా బ్యాంకు యాప్‌లతో. ఫోన్ సాఫ్ట్‌వేర్ అసలుదేనా అని గూగుల్ ద్వారా పరీక్షించే యాప్‌లు వీటిలో తెరుచుకోకపోవచ్చు. ఇలాంటి ఓఎస్ ఎక్కించాలంటే బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే ఓఎస్‌ను లేపే ప్రోగ్రాం) అన్‌లాక్ చేయాలి, అన్‌లాక్ చేయగానే ఫోన్లో ఉన్నదంతా చెరిగిపోతుంది. హువావే హార్మనీ ఓఎస్ నెక్స్ట్ 2024లో వచ్చింది. అది ఆండ్రాయిడ్ యాప్‌లను నేరుగా నడపదు, దానికోసం రాసినవే కావాలి. విండోస్ ఫోన్ పడిపోయింది యాప్‌లు లేకనే. 2019 డిసెంబర్ 31తో వాట్సాప్ కూడా దాన్ని వదిలేసింది.

మారేటప్పుడు

ఎక్కువమంది పోగొట్టుకునేది వాట్సాప్ సంభాషణలు. కారణం ఒక్కటే: ఆండ్రాయిడ్ బ్యాకప్ గూగుల్ ఖాతాలోకి, ఐఫోన్ బ్యాకప్ ఆపిల్ ఆన్‌లైన్ నిల్వ ఐక్లౌడ్‌లోకి పోతాయి. ఒకదాని బ్యాకప్‌ను రెండోది చదవదు. "బ్యాకప్ ఉందిగా" అని పాత ఫోన్ చెరిపేస్తే అంతే సంగతులు.

ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు వెళ్లేవాళ్లు పాత ఫోన్లో "మూవ్ టు ఐఓఎస్" యాప్ వేసుకోవాలి. ఐఫోన్ కొత్తదై ఉండాలి, లేదా ఫ్యాక్టరీ రీసెట్ చేసి ఉండాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. సెటప్ ముగించి రెండు రోజులు వాడాక గుర్తొస్తే మళ్లీ రీసెట్ చేయక తప్పదు. రెండు ఫోన్లూ ఛార్జింగ్‌లో పెట్టండి. పాత ఫోన్లో మొబైల్ డేటా ఆపేయండి, లేకపోతే ఐఫోన్ ఇచ్చే వైఫై వదిలేసి మధ్యలో జారుకుంటుంది. ఐఫోన్లో "ఆండ్రాయిడ్ నుంచి తరలించు" ఎంచుకుంటే వచ్చే కోడ్‌ను పాత ఫోన్లో కొట్టండి, జాబితాలో వాట్సాప్ టిక్ చేయండి, అది అడిగిన చోట "స్టార్ట్" నొక్కండి. ముగిసేదాకా "మూవ్ టు ఐఓఎస్" యాప్ తెరమీదే ఉండాలి. కొత్త ఫోన్లో అదే నంబరుతో వాట్సాప్ తెరవాలి. కాల్ హిస్టరీ రాదు.

ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కు అయితే కొత్త ఫోన్ మొదటి సెటప్‌లోనే కేబుల్‌తో రెండింటినీ కలిపి, తెరమీద వచ్చే క్యూఆర్ కోడ్‌ను ఐఫోన్‌తో స్కాన్ చేయాలి. సిమ్ తీయకముందే ఐఫోన్ సెట్టింగ్స్‌లో ఐమెసేజ్ (ఐఫోన్ల మధ్య సందేశాలు పంపే ఆపిల్ సేవ) ఆపేయండి. మరిచిపోతే ఐఫోన్ వాడే మిత్రులు పంపే సందేశాలు మీ కొత్త ఫోన్‌కు చేరకుండా పోతాయి. అలా జరిగితే ఆపిల్ సైట్లో నంబరు ఇచ్చి డీరిజిస్టర్ చేసుకోవచ్చు.

ఫొటోలను ఒక ఆన్‌లైన్ నిల్వ (క్లౌడ్) నుంచి ఇంకోదానికి నేరుగా పంపడం తేలిక. ఐక్లౌడ్ నుంచి గూగుల్ ఫొటోస్‌కు కాపీ చేయమని ఆపిల్ ప్రైవసీ పేజీలో అడగొచ్చు, మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది. 2024 నుంచి అటు నుంచి ఇటూ కుదురుతోంది. చేరాల్సిన చోట ఖాళీ ఉందో లేదో ముందు చూడండి. ఉచితంగా ఐక్లౌడ్ ఇచ్చేది 5 జీబీ, గూగుల్ 15 జీబీ.

బ్యాంకు యాప్‌లు దేనితోనూ తరలవు. కొత్త ఫోన్లో సిమ్ వేశాక ఒక్కోటీ మళ్లీ రిజిస్టర్ చేసుకోవాలి. లాగిన్ కోడ్‌లు ఇచ్చే ఆథెంటికేటర్ యాప్‌లో సింక్ ఆన్‌లో ఉందో చూడండి. లేకపోతే కోడ్‌లను క్యూఆర్‌తో ఎక్స్‌పోర్ట్ చేసుకోండి.

పాత ఫోన్‌ను రెండు వారాలు అలాగే ఉంచండి. ఏదైనా యాప్ పాత ఫోన్లోంచే అనుమతి అడగొచ్చు. అమ్మే రోజున ఐఫోన్ అయితే ఐక్లౌడ్ నుంచి సైన్ అవుట్ చేసి, పోయిన ఫోన్‌ను వెతికే "ఫైండ్ మై" ఆపండి, ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లోంచి గూగుల్ ఖాతా తీసేయండి. ఆ తర్వాతే రీసెట్. ఈ వరుస తప్పితే కొన్నవాళ్ల చేతిలో ఫోన్ మీ పాస్‌వర్డ్ అడుగుతూ నిలిచిపోతుంది.