వెబ్ ప్యానెల్‌లో కాన్ఫిగ్ ఫైల్ మార్చాక సర్వర్ మొరాయిస్తోందా? ఇవి చూడండి

సర్వర్‌ని నడిపే వెబ్‌మిన్ లాంటి ప్యానెల్‌ని బ్రౌజర్‌లో తెరిచి, లినక్స్ సర్వర్‌లోని కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్‌లో ఒక లైన్ మార్చి సేవ్ కొట్టడం చాలా సులువు. కానీ ఆ ఎడిటర్ చాలాసార్లు మీరు రాసింది రాసినట్టు డిస్క్ మీద పెట్టేస్తుందే తప్ప, అది సరిగ్గా ఉందో లేదో చూడదు. తిప్పలన్నీ అక్కడే మొదలు.

సమస్య: ఎస్ఎస్‌హెచ్ లోపలికి రానివ్వట్లేదు

అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే. ఎస్ఎస్‌హెచ్ అంటే దూరం నుంచి టెర్మినల్‌లో సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారి. దాన్ని నడిపే సర్వీసు ఎస్ఎస్‌హెచ్‌డి కాన్ఫిగ్‌లో ఒక ఆప్షన్ పేరులో అక్షరం తప్పినా, రీస్టార్ట్ చేశాక సర్వీసు ఇక లేవదు. లేదా పోర్ట్ మార్చి ఉంటారు, ఫైర్‌వాల్‌లో కొత్త పోర్ట్ తెరవడం మర్చిపోయి ఉంటారు. ప్యానెల్ ఇంకా పనిచేస్తుంటే అందులోనే పాత లైన్ పెట్టి మళ్లీ స్టార్ట్ చేయండి. అదీ పోతే హోస్టింగ్ వాళ్లిచ్చే కన్సోల్ గానీ, రెస్క్యూ మోడ్ (సర్వర్‌ని వేరే చిన్న సిస్టమ్‌తో లేపి డిస్క్ సరిచేసే దారి) గానీ వాడాల్సిందే.

ఇకమీదట సేవ్ కొట్టే ముందే పక్కన టెర్మినల్‌లో లాగిన్ అయి ఉండండి, సర్వీసు రీస్టార్ట్ అయినా ఆ పాత కనెక్షన్ మామూలుగా తెగదు. సేవ్ అయ్యాక ‘ఎస్ఎస్‌హెచ్‌డి మైనస్ టి’ కొడితే తప్పు ఏ లైన్లో ఉందో చెబుతుంది, ఏమీ చెప్పకపోతే రాత సరిగ్గానే ఉన్నట్టు. రీస్టార్ట్ చేశాక ఇంకో విండోలో కొత్తగా లాగిన్ అయి చూడండి, అది కుదిరితేనే పాతది మూయండి.

సమస్య: స్క్రిప్ట్ ‘బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్’ అంటోంది

ఫైల్ ఎన్నిసార్లు చూసినా తప్పేమీ కనబడదు. కారణం ఏమిటంటే, బ్రౌజర్ ఫారమ్ నుంచి పంపే ప్రతి లైన్ చివర క్యారేజ్ రిటర్న్, లైన్ ఫీడ్ అనే కనిపించని గుర్తులు రెండూ వెళ్తాయి, లినక్స్‌కి రెండోది ఒక్కటే కావాలి. ప్యానెల్ మొదటిదాన్ని తీసేయకుండా రాసేస్తే స్క్రిప్ట్ మొదటి లైన్‌లో దాన్ని నడపాల్సిన ప్రోగ్రామ్‌గా రాసిన బాష్ పేరు చివర కనిపించని అక్షరం ఒకటి అతుక్కుంటుంది, ఆ పేరుతో ప్రోగ్రామ్ ఎక్కడా ఉండదు. క్యాట్ కమాండ్‌కి మైనస్, పెద్ద ఏ తగిలించి ఫైల్ చూడండి. లైన్ చివర డాలర్‌కి ముందు టోపీ గుర్తు, ఎమ్ కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఆ ఫైల్ మీద డాస్‌టుయూనిక్స్ కమాండ్ నడిపితే ఆ గుర్తు పోతుంది.

సమస్య: సుడో పనిచేయట్లేదు

మామూలు యూజర్‌కి రూట్ (పూర్తి) అధికారం ఇచ్చే కమాండ్ సుడో, అది ఎవరికివ్వాలో సుడోయర్స్ ఫైల్‌లో ఉంటుంది, అందులో తప్పు పడితే సుడో ఆగిపోవచ్చు. ఆ ఫైల్‌ని విసుడో అనే కమాండ్‌తో మారిస్తే తప్పును సేవ్ కాకముందే పట్టుకుంటుంది, మామూలు వెబ్ ఎడిటర్‌లో ఆ కాపలా ఉండదు. కంగారుపడి ప్యానెల్ నుంచి లాగౌట్ అవ్వకండి! అది రూట్‌గా నడుస్తుంటే ఆ ఫైల్‌ని అక్కడి నుంచే సరిచేయొచ్చు. ఫైల్ పర్మిషన్ 0440 (యజమానికీ గ్రూపుకీ చదవడానికి మాత్రమే) ఉందో లేదో కూడా చూడండి.

సమస్య: రీబూట్ తర్వాత ఎమర్జెన్సీ మోడ్

బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కులు జతచేయాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో డిస్క్ యూయూఐడీ (డిస్క్ గుర్తింపు కోడ్) తప్పు పడి ఉండొచ్చు. కన్సోల్‌లో సరిచేయండి, అదనపు డిస్కులకి, అవి దొరక్కపోయినా బూట్ ఆగకుండా చూసే ‘నోఫెయిల్’ ఆప్షన్ పెట్టండి.

సమస్య: ఫైల్ ఖాళీ అయిపోయింది, లేదా నిన్నటి మార్పులు లేవు

ఖాళీ అయితే డిస్క్ నిండిందేమో ‘డీఎఫ్’ కమాండ్‌తో చూడండి. మార్పులు పోతే, ఎవరో పాత ట్యాబ్‌లో సేవ్ కొట్టి ఉంటారు. రెండిటికీ మందు బ్యాకప్పే.

సమస్య: మీరు చేయని మార్పులు కనిపిస్తున్నాయి

ఇది అన్నిటికంటే ప్రమాదం. వెబ్‌మిన్ మామూలుగా 10000 పోర్ట్‌లో రూట్ అధికారంతో నడుస్తుంది, అంటే ప్యానెల్ చేజారితే సర్వర్ మొత్తం చేజారినట్టే. 2019 ఆగస్టులో వెబ్‌మిన్ 1.890 నుంచి 1.920 వరకు వెర్షన్లలో ఎవరో దొంగచాటుగా చొప్పించిన కోడ్ బయటపడింది, 1.930లో తీసేశారు. ఇలా అనుమానం వస్తే సర్వర్‌ని నెట్‌వర్క్ నుంచి తప్పించండి, పాత మంచి బ్యాకప్ నుంచి కొత్తగా కట్టుకోండి, పాస్‌వర్డ్‌లూ కీలూ అన్నీ మార్చండి. ఆ కొత్త సర్వర్‌లో 10000 పోర్ట్‌ని బయటి ప్రపంచానికి మూసేసి, ప్యానెల్‌ని ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ (ఎస్ఎస్‌హెచ్ కనెక్షన్ లోపల నుంచే వెళ్లే దారి) మీదుగా మాత్రమే తెరవండి.