కలిసి కట్టే నమూనా: 3వ పాఠం – కొసపలక

పోయిన పాఠంలో ఏం కట్టాలో తేల్చుకున్నాం: రాజమండ్రి పాత రైలు వంతెన, అదే హేవలాక్ వంతెన. 1900లో తెరిచారు, 1997లో రైళ్లు ఆపేశారు. మొత్తం 56 ఖానాలు (ఖానా అంటే రెండు స్తంభాల మధ్య ఉండే వంతెన ముక్క), ఒక్కోటి 150 అడుగులు. 1:150 స్కేలు ఎందుకు పట్టుకున్నామో ఈపాటికి మీకే తెలిసుంటుంది. ఖానాకి ఒక అడుగు, మనిషికో ఖానా. మనం ఎనిమిది మందిమే కాబట్టి ఎనిమిదే కడుతున్నాం. మిగతా 48 గోదాట్లోనే ఉన్నాయి, వెళ్లి చూసుకోవచ్చు.

ఈ వారం ఒక్కటే పని, కొసపలక. ఒకరి ముక్క పక్కవాళ్ల ముక్కకి ఆనుకునే చోట నిలబెట్టే పలక అన్నమాట. గర్డర్లు శుభలేఖ అట్టతో చేస్తారో ప్లాస్టిక్ షీటుతో చేస్తారో మీ ఇష్టం. తుప్పు రంగు కూడా ఎవరికి నచ్చినట్టు వాళ్లు వేసుకోండి. కొసపలక మాత్రం ఎవరూ సొంతంగా గీసుకోవద్దు.

మా మొదటి ప్రయత్నంలో కొలతలు కాగితం మీద రాసి అందరికీ పంచాం. పాలకొల్లు ఆయన గీతకి లోపల కోశారు, మండపేట ఆయన బయట కోశారు. పైగా నా ముక్క వానాకాలమంతా వీధరుగు మీదుండి తేమకి ఉబ్బింది. తీరా కలిపిన రోజు చూస్తే ఒకచోట పట్టాల ఎత్తులో 3 మిల్లీమీటర్ల తేడా. మన స్కేల్లో అది దాదాపు అడుగున్నర గట్టు! ఏ రైలెక్కుతుందండీ?

అందుకని ఒకే మనిషి, ఒకే అచ్చుతో 16 పలకలూ కోయాలి. నేమ్‌ప్లేట్లు చేసే షాపులో యాక్రిలిక్ అచ్చు కోయించండి. 6 మి.మీ. ప్లైవుడ్ పలకల్ని నాలుగేసి కలిపి బిగించి, అచ్చులోంచే బెజ్జాలు వేయండి. రెండు బెజ్జాలూ మధ్యగీతకి సమాన దూరంలో, ఒకే ఎత్తులో ఉండాలి, లేకపోతే పలక తిరగేసినప్పుడు కలవవు. బోల్టు 6 మి.మీ. అయితే బెజ్జం 8 ఉంచండి. ఆ కాస్త వదులే కావాలి: ముందు పట్టాలు సరిచూసుకుని, తర్వాత నట్టు బిగిస్తాం.

పలక మీద ‘రా’ అనో ‘కొ’ అనో రాయండి, రాజమండ్రి వైపా కొవ్వూరు వైపా అని. నవ్వకండి, కిందటిసారి ఒకాయన ఖానా తిరగేసి బిగించి, గంటసేపు మమ్మల్ని తిట్టారు.

వార్నిష్ రెండు వైపులా, కోసిన అంచులకీ వేయాలి. ఒకవైపే పూస్తే మన కోనసీమ తేమకి పలక వేయించిన అప్పడంలా వంగుతుంది.

ఆరాక రెండు పలకలు జోడించి బిగించి, పైన అతుకు మీద గోరుతో అడ్డంగా గీయండి. గోరు తట్టుకుంటే ఉప్పుకాగితం పట్టండి. తట్టుకోకపోతే ఈ వారం పని అయిపోయినట్టే.

వచ్చే పాఠం రాతి స్తంభాలు. ఈలోగా కోడిగుడ్ల అట్టలు పారేయకండి.