లెక్కలు మళ్లీ మొదటినుంచి – 4: వసారా బండలు, బస్టాండు బస్సులు

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? అనంతపురం, కడప, చిత్తూరు, కర్నూలు పాత జిల్లాల పిన్‌కోడ్లు వరసగా 515, 516, 517, 518తో మొదలవుతాయి. ఈ నాలుగింటిలో ప్రధాన సంఖ్య (1తోనూ, తనతోనూ తప్ప దేనితోనూ భాగం పోని, 1 కన్నా పెద్ద సంఖ్య) ఉందా అని అడిగాను. ఒక్కటీ లేదు.

515 = 5 × 103
516 = 2 × 2 × 3 × 43
517 = 11 × 47
518 = 2 × 7 × 37

517 మాత్రం ప్రధాన సంఖ్యలాగే కనిపించి మోసం చేస్తుంది. 91 కూడా అంతే. ఆరో తరగతిలో దాన్ని ప్రధాన సంఖ్య అని రాసి మార్కు పోగొట్టుకున్నాను. అది 7 × 13.

మరి 103ని ఇంకా విడగొట్టలేమని ఎలా తెలుసు? 2, 3, 5, 7తో భాగించి చూస్తే చాలు. 11 గానీ అంతకన్నా పెద్దది గానీ 103ను భాగిస్తే, దానికి జతగా వచ్చేది 10 లోపే ఉండాలి. 11 × 11 అంటేనే 121 అయిపోతుంది కదా! 10 లోపువన్నీ ముందే చూసేశాం, ఇక వెతకక్కర్లేదు.

ఇప్పుడు అసలు పాఠం. కడపలో ఒక ఇంటి వసారా 14 అడుగుల పొడవు, పదిన్నర అడుగుల వెడల్పు ఉందనుకోండి. "సార్, కోత లేకుండా సరిపోయే చదరం బండ ఏ సైజో మీరే చెప్పండి" అన్నాడు మేస్త్రీ. అంగుళాల్లోకి మారిస్తే 168, 126.

168 = 2 × 2 × 2 × 3 × 7
126 = 2 × 3 × 3 × 7

రెండు వైపులా ఉన్నవే ఏరండి: ఒక 2, ఒక 3, ఒక 7. గుణిస్తే 42. ఇదే గ.సా.భా (గరిష్ఠ సామాన్య భాజకం), అంటే రెండింటినీ భాగించే అతిపెద్ద సంఖ్య. 42 అంగుళాల బండలైతే 4 × 3, అంటే 12 చాలు. కానీ అంత బండను ఎత్తేదెవరు? 42ను భాగించే 21 తీసుకోండి: 8 × 6, మొత్తం 48 బండలు, కోత లేదు. అదే రెండడుగుల బండ వేస్తే వెడల్పులో 6 అంగుళాలు మిగిలి, మిషన్ పెట్టి కోయాల్సిందే. (సందు లెక్కలోకి తీసుకోలేదు, మేస్త్రీలు క్షమించాలి.)

క.సా.గు (కనిష్ఠ సామాన్య గుణిజం), అంటే రెండింటితోనూ భాగం పోయే అతిచిన్న సంఖ్య, ఇంకో రకం. ప్రొద్దుటూరు బస్సు 12 నిమిషాలకొకటి, పులివెందుల బస్సు 18 నిమిషాలకొకటి అనుకుందాం. ఉదయం 6కి రెండూ కలిసి బయల్దేరాయి. మళ్లీ ఎప్పుడు? 12 = 2 × 2 × 3, 18 = 2 × 3 × 3. వచ్చే సంఖ్యలో ఈ రెండూ ఇమడాలి, కాబట్టి రెండు 2లు, రెండు 3లు కావాలి: 36. అంటే 6:36కి. 12ను 18తో గుణించి 216 అన్నారా? అప్పుడూ కలుస్తాయి, కానీ అప్పటికి ఐదుసార్లు కలిసేసి ఉంటాయి!

గ.సా.భాకు తక్కువసార్లు వచ్చినవి, క.సా.గుకు ఎక్కువసార్లు వచ్చినవి అని బట్టీ పడితే పరీక్ష టెన్షన్‌లో తారుమారవుతుంది. సమానంగా కోస్తున్నామా, మళ్లీ కలిసే చోటు వెతుకుతున్నామా అని చూడండి. కోస్తే జవాబు ఇచ్చిన సంఖ్యలను మించదు, కలిసే చోటైతే వాటికన్నా తగ్గదు.

సరిచూసుకోవడానికి: 42 × 504 = 168 × 126. ఇక్కడ 504 ఎలా వచ్చిందో మీరే తేల్చండి.

ఇక ఈ వారం పని. బస్టాండులో 15 నిమిషాలకొకటి నడిచే మూడో బస్సును చేర్చండి. మూడూ మళ్లీ ఎన్ని గంటలకు కలుస్తాయి? ఇప్పుడు చూసిన గుణకారం మూడు సంఖ్యలకు పనిచేస్తుందేమో కూడా చూడండి. చేయదు. ఎందుకో వచ్చే పాఠంలో చూద్దాం.