బడి వదిలాక గాలిపటం: తోక కాదు, సూత్రం చూడండి

సాయంత్రం బడి గంట కొట్టాక పిల్లల్ని ఓ ముప్పావుగంట కూర్చోబెట్టి, చేతి చమురు వదలకుండా నేర్పగల పనుల్లో గాలిపటం కట్టడం ఒకటి. పాత దినపత్రిక, కొబ్బరి చీపురు, కుట్టు దారం, రెండు చెంచాల మైదా ఉంటే చాలు. రంగు కాగితాల కిట్లు కొననక్కర్లేదు. ఎగరని గాలిపటం ఎంత రంగుల్లో ఉన్నా గోడకు తగిలించుకోవడానికే.

చాలాచోట్ల ఏం జరుగుతుందంటే, కాగితానికి పుల్లలు అతికించి, నడిమధ్యన ఎక్కడో దారం కట్టేస్తారు. అది గిరగిరా తిరిగి నేలకు కొట్టుకోగానే ఇంకో మూర తోక తగిలిస్తారు. అయినా తిరుగుతుంది, మళ్ళీ తోక. తోకతో తగ్గే జబ్బు కాదది, సూత్రంలో లోపం. సూత్రం అంటే పటానికి పైనొకచోట, కిందొకచోట కట్టి, ఎగరేసే దారాన్ని తగిలించే పోగు.

మూడు సాయంత్రాలు పెట్టుకోండి: మొదటిరోజు అతికించడం, రెండోరోజు సూత్రం కట్టడం, మూడోరోజు ఎగరేయడం. ఒక్కరోజులో ముగించాలనుకుంటే తడి బంక మీదే సూత్రం కట్టాల్సి వస్తుంది, పుల్ల జారుతుంది. నాలుగో తరగతి నుంచి పైవాళ్ళయితే సులువు. పన్నెండుమందికి మించితే ఇంకో పెద్ద మనిషి తోడుండాలి. బ్లేడు పిల్లల చేతికివ్వకండి.

బంకకి అరగ్లాసు చన్నీళ్ళలో రెండు చెంచాల మైదా ఉండల్లేకుండా కలిపి, సన్నని సెగ మీద దోశపిండంత చిక్కబడేదాకా తిప్పండి. పత్రికలో ఒక పుట తీసుకుని 32 సెంటీమీటర్ల చతురస్రం కత్తిరించండి. ఒక మూల పైకి వచ్చేలా తిప్పితే నిలువు, అడ్డం రెండూ సుమారు 45 సెంటీమీటర్లు వస్తాయి. నిలువుపుల్లకి అంతే పొడవు ఈనె తీసుకుని, లావు కొస ముక్కు వైపు, అంటే పై మూల వైపు ఉండేలా అతికించండి.

అడ్డంగా పెట్టే విల్లుపుల్ల దగ్గర మాత్రం కాస్త ఆగాలి. కొబ్బరి ఈనె ఒకవైపు లావు, ఒకవైపు సన్నం. ఒకే ఈనెను విల్లులా వంచితే ఒక రెక్క బిర్రుగా, ఒక రెక్క మెత్తగా తయారవుతుంది, పటం జన్మంతా ఒకే పక్కకి ఒరుగుతుంది. అందుకని రెండు ఈనెల సన్నని వైపు నుంచి 30 సెంటీమీటర్ల చొప్పున ముక్కలు తీసుకోండి. సన్నని కొసలు బయటికి, లావు కొసలు లోపలికి పెట్టి, మధ్యలో 9 సెంటీమీటర్ల మేర ఒకదాని మీద ఒకటి వచ్చేలా దారంతో బిగించండి. మొత్తం 51 సెంటీమీటర్లు వస్తుంది. కొసల మధ్య 45 సెంటీమీటర్ల దారం కట్టి విల్లు వంచి, ఆ విల్లునే కాగితం మీద పెట్టండి. మధ్యభాగం ముక్కుకి 11 సెంటీమీటర్ల కింద నిలువుపుల్లను దాటాలి, కొసలు పక్క మూలలకి చేరాలి. అన్ని మూలలా, రెండు పుల్లలు కలిసే కూడలి మీదా కాగితం ముక్కలు బంకతో అద్ది, పైన పుస్తకాలు పెట్టి రాత్రంతా వదిలేయండి. ఆరాక విల్లుకి కట్టిన దారం కోసేయొచ్చు.

ఇక సూత్రం. లెక్కల పుస్తకంలో సూత్రం తప్పితే మార్కులే పోతాయి, ఇక్కడ పటమే పోతుంది.

పుల్లలు పటం వెనకవైపు ఉంటాయి, సూత్రం ముందువైపు, అంటే నున్నటి కాగితం వైపు రావాలి. ఇది తిరగేసి కట్టినవాళ్ళు కోకొల్లలు. అలా కడితే గాలి కాగితాన్ని పుల్లల మీదకి నొక్కే బదులు పుల్లల నుంచి ఊడబెరుకుతుంది. కూడలి దగ్గర ఎదురెదురు మూలల్లో రెండు చిల్లులు పొడిచి, దారం రెండు పుల్లల్నీ కలిపి చుట్టేలా కట్టండి. కింద, తోక మూలకి 12 సెంటీమీటర్ల పైన, నిలువుపుల్లకి అటూ ఇటూ రెండు చిల్లులు పొడిచి దారం రెండో కొస కట్టండి. అందుకు 70 సెంటీమీటర్ల దారం కావాలి. కుట్టు దారం రెండు పేటలుగా వేసుకోండి, ఒంటి పేట వేలికి కోసుకుంటుంది.

ఇప్పుడు ఎగరేసే దారం తగిలించే ముడి ఎక్కడ? కూడలి నుంచి ముడి దాకా ఉండే పై పోగు 25 సెంటీమీటర్లు, ముడి నుంచి కింది చిల్లుల దాకా ఉండే కింది పోగు 26. ఆ ఒక్క సెంటీమీటరే ప్రాణం. స్కేలు లేకపోతే పై పోగుని పక్క మూల మీదకి లాగి చూడండి, ముడి సరిగ్గా మూల మీద పడాలి. కింది పోగు అంతకంటే చిటికెన వేలు మందం ఎక్కువ. రెండూ సమానంగా ఉంచమని చెప్పేవాళ్ళున్నారు, పల్చటి పతంగి కాగితానికైతే అది నడుస్తుందేమో. దినపత్రిక కాగితం బరువు ఎక్కువ, ముక్కు కాస్త గాలిలోకి వంగితేనే పైకి లేస్తుంది.

మొదట ముడి గట్టిగా బిగించకండి. చీరకుచ్చులా తేలిగ్గా వేసి, మైదానంలో సరిచేశాకే బిగించాలి. సరిచేసేది కూడా ఒక్కసారికి 3 మిల్లీమీటర్లు మాత్రమే. పిల్లలు వేలెడు జరిపేసి, అది చెడగానే ఇటు వేలెడు జరుపుతారు, సాయంత్రం అయిపోతుంది.

పటం బరువుగా లాగుతూ పైకి ఎక్కనంటే, తిప్పుకుంటూ పడిపోతుంటే, ముడి కిందికి ఉందని అర్థం. పై పోగు పొట్టి చేయండి. సర్రున నెత్తి మీదకి వచ్చి, దారం వదులై, ముక్కు తిప్పి దూకితే ముడి మరీ పైకి ఉంది. కింది పోగు పొట్టి చేయండి. ఎప్పుడూ ఎడమకే ఒరుగుతుంటే సూత్రాన్ని తాకకండి. ముక్కు, తోక మూలల కింద చెరో వేలు పెట్టి పటాన్ని నిలబెడితే ఎడమ రెక్క కిందికి దిగుతుంది. కుడి రెక్క అంచున అంగుళం కాగితం ముక్క అద్దండి, సరిపోతుంది.

తోక అవసరమే, ఈ కాగితానికి 3 సెంటీమీటర్ల వెడల్పుతో రెండు మీటర్లు. అంతకంటే ఎక్కువ పెట్టాల్సి వస్తోందంటే సూత్రం తప్పిందన్నమాట.

ఎగరేయడానికి చెట్ల ఆకులు ఆగకుండా కదులుతూ, దుమ్ము మాత్రం లేవని గాలి చాలు. వీపుకి గాలి తగిలేలా నిలబడి, 15 మీటర్ల దూరంలో ఇంకొకరు పటం పట్టుకుని, విసరకుండా వదిలేయాలి. పరుగెత్తడం నిషేధం. పరిగెత్తితేనే లేచే పటం, ఆగగానే పడుతుంది. కరెంటు తీగల దగ్గర, డాబా మీద వద్దు.

దారం కూడా మామూలు నూలుదే. చైనా మాంజా అని అమ్మే నైలాన్ దారాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది. అది బండిమీద వెళ్ళేవాళ్ళ మెడలు, పక్షుల రెక్కలు కోస్తుంది, చెట్టుకి చిక్కుకున్నదైతే ఏళ్ళతరబడి అక్కడే ఉంటుంది. తెగిన నూలు దారమైనా సరే, ఇంటికి వెళ్ళే ముందు పిల్లలే పోగుచేసి ఉండలా చుట్టాలి. ఎంత దారం తెచ్చుకున్నారో అంతా లెక్కకి రావాలి.