చలికాలపు బండల మీదికి వెళ్లే ముందు

ఈశాన్య రుతుపవనాల వానలు వెనకబట్టిన నాటి నుంచి శివరాత్రికి చలి సెలవు తీసుకునే దాకా, నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో తాడు లేకుండా బండలెక్కే బౌల్డరింగ్ సాధకులకు దక్కే మంచి కాలం రెండు, రెండున్నర నెలలే. చల్లని పొడిగాలికి వేళ్లు చెమర్చవు, రాయి బాగా పట్టునిస్తుంది. అందుకే తమ శక్తికి అంచున ఉన్న బండను ఈ రోజుల్లోనే సాధించాలని అందరూ తొందరపడతారు. నేను చూసిన గాయాల్లో ఎక్కువ భాగం ఆ తొందరలో తగిలినవే.

ముఖ్యంగా కాచుకోవలసినవి వేళ్లు. కండ కొన్ని వారాల్లో బలపడుతుంది గాని, వేలి స్నాయువులకూ వాటిని ఎముకకు అదిమి ఉంచే పట్టీలకూ నెలలు పడుతుంది. కొత్తగా వచ్చిన కండబలాన్ని నమ్ముకొని, వేళ్లను పూర్తిగా మడిచి వాటి మీద బొటనవేలిని బిగించి సన్నని అంచుకు వేలాడినప్పుడే ఉంగరపు వేలి మొదట్లో ‘టక్’మని వినబడుతుంది. అది వినబడిందంటే, నొప్పి లేకపోయినా ఆ రోజుకు ఎక్కడం ఆపి, వైద్యుడికి చూపించుకోవాలి. వెనకటి నుంచి అలవాటున్నవారు సైతం దసరాకు ముందే హ్యాంగ్‌బోర్డ్ (వేళ్లతో వేలాడేందుకు సన్నని అంచులు చెక్కిన పలక) సాధన మొదలుపెట్టి, 20 మిల్లీమీటర్ల అంచుకు సగం మడిచిన వేళ్లతో 10 సెకన్లు వేలాడి 3 నిమిషాలు ఆగే పద్ధతిని, మధ్యలో రెండు రోజుల ఎడమిస్తూ, వారానికి రెండుసార్లు పాటించడం మేలు.

చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీల గోడలు నున్నగా, ఎత్తుగా ఊరిస్తాయి. పేలుళ్లకు లోపల బీటలు వారిన ఆ రాతిని ముట్టుకోవద్దు. ఉదయగిరి కోట గోడలనూ, భైరవకోనలో దేవుళ్లను తొలిచిన రాతినీ ఎక్కాలన్న ఆలోచనే రాకూడదు. వెలికొండల అడవిలోకి వెళ్లేముందు అటవీశాఖ అనుమతి తీసుకోండి.

బండ కింద పరిచే మందపాటి పరుపుల్లాంటి క్రాష్ ప్యాడ్‌లు రెండింటి నడుమ వేలెడు సందున్నా పాదం అందులో దిగి చీలమండ మడతపడుతుంది. అతుకు మీద పలచని ప్యాడ్ కప్పాలి. కింద కాచే మిత్రుడు పడేవాడిని చేతుల్లో పట్టుకోవడానికి ప్రయత్నించకుండా, నడుము దగ్గర తోసి ప్యాడ్ మీదికి మళ్లించాలి, తల రాతికి తగలకుండా చూడాలి. ప్యాడ్ ఎత్తేటప్పుడు కర్రతో తట్టి చూడండి, రక్తపింజరి నీడను వెతుక్కుంటుంది.

ఇక మనసు సంగతి. బౌల్డరింగ్ కష్టాన్ని కొలిచే కొలమానంలో 9ఎ స్థాయిని ప్రపంచంలో తొలిసారి ప్రతిపాదించిన ఫిన్లాండ్‌లోని ‘బర్డెన్ ఆఫ్ డ్రీమ్స్’ బండను నాలే హుక్కతైవల్ 2016లో ఎక్కాడంటే, అది ఏళ్ల తరబడి తిరిగి తిరిగి వచ్చి చేసిన సాధన. కాబట్టి ఇవాళే కావాలన్న పట్టుదలను ఇంటి దగ్గరే వదిలి, ఎన్ని ప్రయత్నాలు చేస్తారో ముందే మిత్రుడికి చెప్పండి. ప్రయత్నానికీ ప్రయత్నానికీ నడుమ కనీసం 5 నిమిషాలు ఆగండి. వేలికొస చర్మం గులాబిరంగు తిరిగి మెరిసిందంటే, లెక్క ప్రకారం ఇంకా రెండు ప్రయత్నాలు మిగిలి ఉన్నా సరే, చేతులకు రాసుకునే చాక్ పొడి సంచి మూతి కట్టి వెలుతురుండగానే కొండ దిగండి.