హెవీ మెటల్ వినైల్ రికార్డు ప్రెస్సింగ్ బాగుందో లేదో ఎలా తేల్చుకోవాలి?

మెటల్‌లో గిటార్ శబ్దం ఎలాగూ పగిలే ఉంటుంది. అందుకే ప్రెస్సింగ్ (రికార్డును అచ్చు వేసిన తీరు) బాగోకపోయినా పాటే అంత అనుకుని సరిపెట్టుకుంటాం. గిటార్‌ని పక్కన పెట్టి సింబల్స్ (డ్రమ్స్‌లోని లోహపు పళ్లాలు), డబుల్ బాస్ డ్రమ్ము, పాటల మధ్య నిశ్శబ్దం వింటే అసలు సంగతి బయటపడుతుంది.

1. ముందు మీ ప్లేయర్‌ని సరిచూసుకోండి

సూది గాడి మీద మోపే బరువు కార్ట్రిడ్జ్ (సూది ఉండే భాగం) కంపెనీ చెప్పినంతే ఉండాలి. చాలావాటికి అది 1.5 నుంచి 2 గ్రాములు. టోన్‌ఆర్మ్ (కార్ట్రిడ్జ్‌ని మోసే చేయి) మీది అంకెను నమ్మకుండా చిన్న డిజిటల్ తూకంతో కొలవండి. బరువు తక్కువైతే సూది గాడిలో కుదురుగా ఉండదు, రికార్డుకూ దెబ్బే. కార్ట్రిడ్జ్ కోణాన్ని ప్రొట్రాక్టర్‌తో సరిచేయండి. మీ దగ్గరున్న రికార్డులన్నీ చివరి పాటలో గరగరమంటుంటే తప్పు వాటిది కాదు.

2. లైటు కింద పెట్టి చూడండి

ఒకే బల్బు వెలుతురులో రికార్డును ఏటవాలుగా పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. కాగితం కవరు రాపిడికి పడ్డ సన్నగీతలు చాలావరకు వినిపించవు. గోటికి తగిలే గీత మాత్రం దాదాపు ఎప్పుడూ వినిపిస్తుంది.

కొత్త రికార్డులో వెతకాల్సింది నాన్‌ఫిల్. వేడి పీవీసీ (వినైల్ ప్లాస్టిక్) గాడి నిండా పారకముందే గట్టిపడితే గోడల్లో చిన్న ఖాళీలు మిగులుతాయి. గాళ్ల మీద తెల్లగా మెరిసే చుక్కల వరుసలా అవి కనిపిస్తాయి. ప్లే చేస్తే గుడ్డ చింపినట్టు పర్‌ర్‌మంటుంది, తరచూ ఒక్క స్పీకర్లోనే. ఎంత కడిగినా పోదు, రికార్డు మార్చుకోవాల్సిందే.

తిరుగుతున్న రికార్డు మీద టోన్‌ఆర్మ్‌ని ఎదురుగా నిలబడి చూడండి. పైకీ కిందికీ ఊగితే రికార్డు వంగింది. సూది ఎగరనంత వరకు కొద్దిపాటి వంపుతో ఇబ్బంది లేదు. పక్కలకు ఊగితే మధ్య రంధ్రం కేంద్రంలో పడలేదు, శ్రుతి ప్రతి చుట్టుకీ (నిమిషానికి 33⅓ చుట్ల రికార్డులో 1.8 సెకన్లకోసారి) జారుతుంది. రిఫ్‌ల (పదే పదే వచ్చే గిటార్ బాణీల) హోరులో ఇది దాగిపోతుంది కానీ, సాగదీసిన సోలో స్వరంలో, ముఖ్యంగా లోపలి గాళ్లలో పట్టుబడుతుంది.

3. లేబుల్ చుట్టూ ఉన్న ఖాళీ జాగా చదవండి

అక్కడ చెక్కిన మ్యాట్రిక్స్ నంబరును (ప్రెస్సింగ్‌ని గుర్తించే కోడ్) డిస్కాగ్స్ అనే రికార్డుల వెబ్‌సైట్‌లో పోల్చి చూస్తే అది ఏ ప్రెస్సింగో, నకిలీయో తెలుస్తుంది. స్టెర్లింగ్, మాస్టర్‌డిస్క్ లాంటి మాస్టరింగ్ స్టూడియోల ముద్రలు, కటింగ్ ఇంజనీర్ (మాస్టర్ పళ్లెం మీద గాడి చెక్కే వ్యక్తి) పొడి అక్షరాలు కూడా అక్కడే ఉంటాయి. డీఎంఎం (డైరెక్ట్ మెటల్ మాస్టరింగ్) అని ఉంటే లక్కర్ (మెత్తటి పూత ఉన్న పళ్లెం) మీద కాకుండా నేరుగా రాగి పూత పళ్లెం మీద కట్ చేశారన్నమాట. ఈ ముద్రలు, అక్షరాలు చెప్పేది కట్ ఎవరు, ఎలా చేశారన్నదే. ఫ్యాక్టరీ సరిగా అచ్చు వేసిందా అన్నది వేరే ప్రశ్న.

4. నిడివి చూడండి

33⅓ వేగంలో ఒక్కో వైపు 18-20 నిమిషాలుంటే హాయిగా సరిపోతుంది. 25 దాటితే గాళ్లు దగ్గర దగ్గరగా పట్టించడానికి శబ్దాన్నో బాస్‌నో తగ్గించాల్సి వస్తుంది. పైగా బయటి అంచున సూది కింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్ల గాడి కదిలితే, లోపలి చివర దాదాపు 21 మాత్రమే. సింబల్స్ అక్కడే మసకబారతాయి.

180 గ్రాముల స్టిక్కర్ చూసి మురిసిపోకండి. బరువు ధ్వనిని పెంచదు. మెటల్ లేబుళ్లు ఇష్టపడే పిక్చర్ డిస్కుల్లో బొమ్మ మీది పల్చటి ఫిల్ములోనే గాడి ఉంటుంది కాబట్టి రొద ఎక్కువ. వినడానికి నల్ల రికార్డే కొనండి.

5. ఇప్పుడు వినండి

రికార్డును శుభ్రం చేసి, కార్బన్ బ్రష్‌తో తుడిచి, రెండు వైపులా చివరి వేగమైన పాట పెట్టండి. డబుల్ బాస్‌లో ఒక్కో దెబ్బా విడిగా వినిపించాలి, గుడగుడగా కలిసిపోకూడదు. హై-హ్యాట్ (జంట సింబల్) లోహంలా మోగాలి. ఉమ్మిన చప్పుడులా వినిపిస్తే ఆ గాడి అరిగిపోయి ఉండాలి, లేదా కట్ మరీ బిగ్గరగా చేసి ఉండాలి.

చిటపటలు ప్రతిసారీ వేర్వేరు చోట్ల వస్తే అది దుమ్ము, స్థిర విద్యుత్తు. టిక్కు అదే చోట, చుట్టుకోసారి (33⅓ వేగంలో సరిగ్గా 1.8 సెకన్లకోసారి) వస్తే అది రికార్డు మీది గీతో, అచ్చు లోపమో.

నిశ్శబ్దంలోంచి ఒక్కసారిగా విరుచుకుపడే పాటల్లో, ఆ దెబ్బకు ఒక చుట్టు ముందే దాని నీడ సన్నగా వినిపించవచ్చు. పక్క గాడి ఒత్తిడికి ఈ గాడి గోడ కాస్త వంగడమే కారణం. లక్కర్ కట్‌లలో ఇది కొంత మామూలే, దీనికోసం వాపసు ఇవ్వనక్కర్లేదు.

అంతా నిశ్శబ్దంగా ఉండి కూడా డ్రమ్ములు చదునుగా, ఊపిరాడనట్టు ఉంటే సీడీ కోసం మరీ బిగ్గరగా నలిపేసిన మాస్టర్‌నే (తుది రికార్డింగ్‌నే) వినైల్‌కీ వాడి ఉండవచ్చు. వినైల్ రిప్‌ల (రికార్డు నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించిన ఫైళ్ల) డీఆర్ అంకెలు (మెల్లని, బిగ్గర శబ్దాల మధ్య తేడాకు కొలత) ఇందుకు సాక్ష్యం కావు. కటింగ్, ప్లేబ్యాక్ దశల్లో తరంగాల ఆకారం మారడంతో అదే మాస్టర్‌కీ అంకె పెరిగి కనిపిస్తుంది.

6. మార్చుకునే ముందు

లోపం ఏ వైపు, ఏ పాటలో, ఎన్నో నిమిషంలో ఉందో రాసుకుని, అది వినిపించేలా ఆడియో రికార్డు చేసి అమ్మినవారికి పంపండి. రెండో కాపీలోనూ అదే చోట అదే లోపముంటే అది స్టాంపర్‌దో (రికార్డులు వేసే లోహపు అచ్చుదో), అంతకు ముందు దశదో. అప్పుడు మూడో కాపీ అడగకండి, వేరే మ్యాట్రిక్స్ నంబరున్న ప్రెస్సింగ్ వెతకండి.